లాటిన్‌లో ఎక్కి, ఫ్రెంచిలో బండి మారి

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. చీమ కుడితే తాచుపాము కాటేసిందని రాసే చెయ్యి ఇది. మా ఆవిడ నా మాటల్ని కరోల్ బాగ్ ఫుట్‌పాత్ మీద స్వెట్టర్ బేరమాడినట్టు వింటుంది. చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగిలినదాంట్లో ఇంకాస్త తగ్గించి, అప్పుడు నమ్మాలా వద్దా అని ఆలోచిస్తుంది. మీరూ అదే పద్ధతి పాటించండి. ఎక్కడ ఎంత తగ్గించుకోవాలో మీ ఇష్టం. అచ్చంగా కల్పించిన చోటు మాత్రం ఒకటుంది, అది నేనే చివర్లో చెబుతాను.

పోయిన నెల ఆయన సంతాపసభ జరిగింది. ఒకాయన లేచి ‘మితభాషి’ అన్నాడు. ఇంకొకాయన ‘శాంతమూర్తి’ అన్నాడు. మూడో ఆయన, ఒకప్పుడు ఈయన కింద పనిచేసి రిటైరైన మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ‘తన పనేదో తను చూసుకుని పోయేవారు’ అన్నాడు. నేను కుర్చీలోంచి పడబోయాను. అబద్ధాలాడటం నా వృత్తి. మరొకరు ఆడుతుంటే, అదీ ఇంత చప్పగా ఆడుతుంటే, చూస్తూ కూర్చోవడం కష్టం. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ఇది మొదలెట్టాను.

ఆయన పేరు రాయను. రాస్తే ఆ పేరుకి వ్యుత్పత్తి ఏమిటని పైనుంచి కబురొస్తుంది. ఆఫీసులో ‘డిక్షనరీ సాబ్’ అనేవారు, కాలనీలో పిల్లలు ‘డిక్షనరీ అంకుల్’ అనేవారు. ఇక ఆయన నాకేమవుతారన్నది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే తేల్చాల్సి వచ్చింది. ఈ రాతంతా అక్కడికి చేరడానికే.

డెబ్బైల మొదట్లో మాట. నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చిన్న గుమాస్తాని. కరోల్ బాగ్‌లో డాబా మీది గదిలో, సివిల్స్‌కి చదువుతున్న ఇద్దరు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం ఆఫీసు విడిచాక వాళ్ళలో ఒకడితో కలిసి బస్సెక్కాను. ఆ బస్సులో జనం ఎంతమందంటే, బస్సు రేకులు కూడా ఊపిరి బిగబట్టి ఉన్నాయి. నా కాళ్ళలో ఒకటి నేల మీదుంది, రెండోది ఎవరిదో టిఫిన్ డబ్బా మీదుంది. నా చెయ్యనుకుని నేను గోక్కుంటున్నది వేరొకరి చెయ్యి.

"ఈ ట్రావెల్ నా వల్ల కాదురా" అన్నాను మావాడితో.

అంతే. నాలుగు వరసల అవతలి నుంచి, ఇద్దరు సర్దార్జీల చంకల కిందుగా ఒక చెయ్యి దూసుకొచ్చి నా కాలరు పట్టుకుంది.

"ఏ ఊరు?"

ఢిల్లీలో తెలుగు మాట చెవిన పడితే ఎవరైనా వేసే మొదటి ప్రశ్న అదే. ఊరు, తర్వాత జిల్లా, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఎవరబ్బాయివి. నాలుగో ప్రశ్నకల్లా చుట్టరికం తేలిపోవాలి, లేకపోతే అడిగినవాడికి అన్నం సయించదు. నాకా వరసంటే చిన్నప్పట్నుంచీ గుండెదడ. ఎందుకో కాసేపట్లో చెబుతాను. కాలరు ఆయన చేతిలో ఉంది గనక జవాబిచ్చాను.

"చీరాలండి."

"నీదెవడడిగాడయ్యా? ట్రావెల్‌ది ఏ ఊరు?"

మావాడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"తెలీదూ? ఊరూ పేరూ తెలీని మాటని నోట్లో ఎలా పెట్టుకుంటావయ్యా, ఆయ్?"

అప్పుడు జనాన్ని చీల్చుకుని మనిషి కనబడ్డాడు. పొట్టిగా, గుండ్రంగా, చెవుల్లోంచి వెంట్రుకలు బయటికొచ్చి లోకాన్ని చూస్తున్నట్టు ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలు పైకి లేచి నిలబడింది. ఆ వేలు లేవడం నేను చూడటం అదే మొదటిసారి. అది లేచిందంటే చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తినట్టే, ఎదుటి ప్రపంచం ఆగి తీరాలి.

"లాటిన్‌లో ట్రెపాలియం! మూడు కొయ్యలన్నమాట. నేరస్థుణ్ణి వాటికి కట్టేసి చిత్రవధ చేసేవోళ్ళు. అది ఫ్రెంచిలోకొచ్చి త్రవాయ్ అయ్యింది. అంటే గొడ్డుచాకిరీ, యమయాతన. ఇంగ్లండులో దిగేసరికి ప్రయాణం! ఎందుకయ్యిందీ? ఆ రోజుల్లో బురదలో, చలిలో, దొంగల మధ్య ఊరు దాటడమంటే యాతన కాక మరేవిటీ?" అని బస్సు మొత్తం కలయజూశారు. చూడగానే కళ్ళు ఇంతింతయ్యాయి. "ఇదిగో, నేను పట్టుకున్నది ఒక కొయ్య! అదిగో, తలుపు దగ్గర రెండోది! ఆ సర్దార్‌గారు వేలాడుతున్నది మూడోది! ఒరే నాయనా, రెండు వేల ఏళ్ళు తిరిగి తిరిగి మాట మళ్ళీ పుట్టింటికొచ్చిందిరా!"

ఆ ఆనందంలో రెండు చేతులూ వదిలేశారు. డ్రైవరు బ్రేకు వేశాడు. ఆయన ముల్లంగి సంచితో ఉన్న ఒక పంజాబీ ఆవిడ ఒళ్ళో వాలారు.

"ఓ బాబూజీ, డండా పకడో! లెక్చర్ బాద్ మే!" అని అరిచాడు కండక్టరు, ముందు కొయ్య పట్టుకోమని.

"భయ్యా, ఉసీ డండే కీ బాత్ హో రహీ హై" అన్నారాయన లేస్తూ. ఆ కొయ్య సంగతే మాట్లాడుతున్నానని. ఆ తర్వాత హిందీలో మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. సర్దార్జీలు చప్పట్లు కొట్టారు. ముల్లంగి ఆవిడ కళ్ళొత్తుకుంది. బస్సంతా ముక్తకంఠంతో ‘ట్రెపాలియం’ అని జయజయధ్వానాలు చేసింది. (సగం కొట్టేయండి.)

ఆయన దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. మావాడు తెలివిగా మధ్యలో దిగి పారిపోయాడు. ఆయన నా కాలరు వదలకుండానే దించి, వెనక్కి నడిపిస్తూ, దారిలో టికెట్టు పుట్టుపూర్వోత్తరాలు పూర్తిచేసి, "టీ తాగి వెళ్దూగాని" అని ప్రభుత్వ క్వార్టర్ల మెట్లెక్కించారు. తలుపు తీసింది ఆయన కూతురు. నన్నూ, నా కాలరునీ చూసి, "పాపా, ఆజ్ కిస్‌కో పకడ్ లాయే?" అంది. ఇవాళ ఎవర్ని పట్టుకొచ్చావని.

అంటే నేను మొదటివాణ్ణి కాదు. కానీ ఆ గుమ్మంలో నిలబడి, ఆఖరివాణ్ణి నేనే కావాలని నిశ్చయించుకున్నాను. ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకోవడం తప్ప ఈ ప్రపంచంలో నాకు వేరే కోరిక లేకుండా పోయింది. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం నేను లాటిన్ భక్తుణ్ణి.

ఆయన సిద్ధాంతం చాలా తేలిక. ఇంగ్లీషు మాటలన్నీ మనలాంటివే. లాటిన్‌లో రైలెక్కుతాయి, ఫ్రెంచిలో బండి మారతాయి, ఇంగ్లీషులో దిగి ఉద్యోగాల్లో చేరిపోతాయి. "ఫ్రెంచి అంటే బెజవాడ జంక్షనయ్యా. బండి మారే గొడవలో సామాన్లు పోతాయి. విభక్తులు పోతాయి, ప్రత్యయాలు పోతాయి. చేతిసంచీతో దిగిన మాట ‘నేనిక్కడే పుట్టాను’ అంటుంది. అబద్ధం! పట్టుకుని అడగాలి!"

అడిగేవారు. కూరలబండి దగ్గర బెండకాయలు తూస్తుంటే త్రాసు ముల్లు మీద వేలు పెట్టి, "ఎక్సామెన్! లాటిన్‌లో ఈ ముల్లు పేరదే. దాంట్లోంచే ఎగ్జామ్! మీ రూమ్మేట్లు రాసేది పరీక్ష కాదయ్యా, తూకం!" అని నా వైపు తిరిగి కేకపెట్టేవారు. వేలు ముల్లు మీదే ఉండిపోవడంతో తూకం ఎటో పోయేది.

"బాబూజీ, భిండీ లేనీ హై యా పఢనీ హై?" అనేవాడు కూరలవాడు. బెండకాయలు కొంటావా, చదువుతావా అని.

ఆయన నిఘంటువులు దరియాగంజ్ ఆదివారం బజారులో కొన్నవి. ఒక్కొక్కటి పసిపిల్లాడంత బరువు. ఇంగ్లీషుది బీరువాలో దేవుడి పక్కన ఉండేది. లాటిన్‌ది ఆయన తలగడ. ఫ్రెంచిది వంటింట్లో ఊరగాయ జాడీ మూత మీద బరువుగా ఉండేది, ఎందుకంటే ఆ జాడీకి సరిపడా బరువు ఆ ఇంట్లో అదొక్కటే. అందుకని ఆ ఇంట్లో ఫ్రెంచి మాటలన్నిటికీ ఆవకాయ వాసన. ‘రెస్టారెంట్’ పేజీకైతే ఏకంగా నూనె మరక.

ఆఫీసులో ఆయన చేసిన ఒక యుద్ధం చెప్పకపోతే పాపం. ఆయన సెక్షన్‌లో బల్లల మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ పరిచి ఉండేది, సిరా మరకలతో ప్రపంచపటంలా. కొత్తగా వచ్చిన పై అధికారి ఆ గుడ్డలు తీయించి అద్దాలు వేయించమన్నాడు. ఈయన ఆ గదిలోకి వెళ్ళి వేలెత్తారు.

"సార్, లాటిన్‌లో బుర్రా అంటే ముతక ఉన్ని. మన గొంగళి లాంటిది. ఫ్రెంచిలో ఆ ఉన్ని గుడ్డనే రాతబల్ల మీద పరిచారు. కొన్నాళ్ళకి గుడ్డ పేరు బల్లకొచ్చింది. బల్ల పేరు గదికొచ్చింది. గది పేరు ఆఫీసుకొచ్చింది. అదే బ్యూరో! బ్యూరోక్రసీ! భారత ప్రభుత్వం మొత్తం ఒక ముతక గొంగళి మీద నిలబడి ఉంది సార్. తమరు గొంగళి లాగేస్తానంటున్నారు!"

ఆ అధికారి భయపడ్డాడంటారు. తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడనీ అంటారు. ఆ సెక్షన్‌లో గుడ్డలు మాత్రం ఆయన రిటైరయ్యే దాకా కదల్లేదు. ఇది నేను పెంచలేదు. పెంచడానికి ఖాళీ ఎక్కడుంది?

ఇన్ని మాటల్ని పట్టుకున్న మనిషికి ఒక్క శత్రువుండేది. నిఘంటువులో కొన్ని మాటల పక్కన ‘మూలం తెలియదు’ అని రాసి ఉంటుంది. అది చూస్తే ఆయన మొహం ఎర్రబడేది. అద్దె ఎగ్గొట్టి పారిపోయినవాణ్ణి తిట్టినట్టు తిట్టేవారు. ముఖ్యంగా ‘బాయ్’ అనే మాట మీద పగ.

"చంటిపిల్లాడికి కూడా తెలిసిన మాట! దీనికి ఊరు లేదా? ఒకాయన అంటాడూ, లాటిన్‌లో బోయా ఉందీ, అంటే సంకెళ్ళూ, అది పాత ఫ్రెంచిలో సంకెళ్ళేసిన బానిసయ్యిందీ, వాడే ఇంగ్లీషులో పనికుర్రాడయ్యాడూ, అదే బాయ్ అనీ. బాగుంది! కానీ చివర్లో ‘బహుశా’ అని ఒక ముక్క తగిలించాడు. ఆ ‘బహుశా’ నాకు అన్నంలో రాయిలా తగుల్తోందయ్యా!"

నేను తలూపేవాణ్ణి. టీకప్పు మాత్రం మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఎందుకంటే ఆ ఇంట్లో మూలం తెలియని బాయ్ ఒకడు బల్లకి ఇవతల కూర్చుని టీ తాగుతున్నాడు.

మా తాత చీరాలలో అందరికీ తెలుసు. ఆయన ఎవరబ్బాయో మాత్రం ఎవరికీ తెలియదు, ఆయనతో సహా. ఏదో కరువు ఏడాది, తన ఊరి పేరు కూడా చెప్పలేని వయసులో, రైల్లోంచి చీరాల స్టేషనులో దిగాడు. ఎక్కించింది ఎవరో, ఎక్కడో తెలియదు. స్టేషను ఎదుట పూటకూళ్ళు నడిపే ఒకాయన చేరదీసి, పెంచి, తన ఇంటిపేరే పెట్టాడు. మా ఇంటిపేరు ఆయనది. మా ముందు తరాలన్నీ ఆ ప్లాట్‌ఫారం దగ్గర ఆగిపోతాయి.

కానీ నేను మొదటిరోజు ఆ ఇంటిపేరు చెప్పగానే ఆ అమ్మాయి వాళ్ళమ్మగారు గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చేశారు.

"ఆ ఇంటిపేరోళ్ళా! మా పెద్దత్తగారి పుట్టింటోళ్ళే కదూ! ఏవండోయ్, అబ్బాయి మనోళ్ళేనండీ!"

నేను నోరు తెరిచేలోపు అందులోకి పులిహోర వచ్చింది. ఇంటిపేరు వినగానే మనిషిని తూచేసి అందలమెక్కించే పొరపాటు మన తెలుగువాళ్ళే చేయగలరు. ఢిల్లీ వచ్చాక మరీ గట్టిగా చేస్తారు, చుట్టూ శర్మలూ సింగులూ ఉంటారు గనక. ఆయన మాత్రం నన్ను ఆ మొదటి రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. అన్ని మాటల ఊళ్ళూ అడిగిన మనిషికి నా ఊరు తెలుసుకోవాలనే తోచలేదు. అది అదృష్టమో, నిర్లక్ష్యమో నాకు తేలేది కాదు.

ఇక ఆ అమ్మాయి. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది, తల్లి తెలుగులో తిడితే ఇంగ్లీషులో విసుక్కునేది. నాతో మొదట్లో "ఆప్ బైఠియే" అని కూర్చోమనడం తప్ప మాట్లాడలేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి తండ్రి పక్కన చేరి అమాయకంగా అడిగింది.

"పాపా, మ్యాటినీ అంటే మార్నింగ్ అట కదా? మరి సినిమావాళ్ళు మధ్యాహ్నం షోని మ్యాటినీ అని ఎందుకంటారు?"

వేలు లేచింది. "అద్దీ ప్రశ్న! ఫ్రెంచిలో మతాన్ అంటే ఉదయం! దానికి ముందు లాటిన్‌లో మాటూటినుమ్! అక్కడ ఉషాదేవి ఒకావిడుంది! మరి ఉషాదేవి మధ్యాహ్నం మూడింటికి టిక్కెట్లెందుకు అమ్ముతోందీ? ఉండు, ఫ్రెంచిది తీసుకురా!" అని ఆయనే వంటింట్లోకి పరిగెత్తారు. ఊరగాయ జాడీ మీదనుంచి నిఘంటువు లేవడం, దాని పేజీల్లో ఆయన మునగడం రెప్పపాటులో జరిగిపోయాయి.

ఆ అమ్మాయి నా వైపు చూసి తలతో గుమ్మం చూపించింది. మేము మ్యాటినీకే వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఆయన అదే కుర్చీలో, అదే భంగిమలో, చుట్టూ పుస్తకాలు కోటగోడల్లా పేర్చుకుని ఉన్నారు.

"దొరికింది! పెద్దింటోళ్ళు ఆలస్యంగా లేచేవోళ్ళు. వాళ్ళకి భోజనం వేళ దాకా ఉదయమే!" అని అరిచారు. మేము బయటికి పోయినట్టు ఆయనకి తెలియనే తెలియదనుకున్నాం. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి వినబడింది: "ఇంతకీ సినిమా ఎలా ఉందయ్యా?"

నేను ఆ మెట్ల మీద ఎన్ని పల్టీలు కొట్టానో చెబితే మీరు తగ్గించేస్తారు. వదిలేస్తున్నాను.

అలా కొన్ని సినిమాలూ, బోలెడన్ని ధాతువులూ అయ్యాక ఆ అమ్మాయి ఒకరోజు వంటింట్లో తల్లికి చెప్పేసింది, చేసుకుంటే నన్నే చేసుకుంటానని. తల్లి ఎగిరి గంతేశారు. మనవాళ్ళే కదా! కానీ పద్ధతి పద్ధతే గనక కాకినాడ నుంచి అన్నగారిని పిలిపించారు. ఆ అన్నగారు పెళ్ళి సంబంధాల్లో ఘనాపాఠి. గోదావరికి అటూ ఇటూ ఎవరి ముత్తాత ఎవరి ఇంట్లో దత్తతకి వెళ్ళాడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నాలుగు ఇంటిపేర్లు వింటే ఐదోది ఆయనే చెప్పేస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి నన్ను రమ్మన్నారు.

నేల మీద వరసగా కూర్చున్నాం. ఆయన, పక్కన బావమరిదిగారు, ఎదురుగా నేను. ఆ అమ్మాయి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. పప్పులో చెయ్యి పెట్టానో లేదో మొదలయింది.

"ఏ ఊరి వాళ్ళు బాబూ మీరు? బాపట్లా, రేపల్లా?"

"చీరాలండి."

"చీరాలలో మీ ఇంటిపేరు వాళ్ళు ఒకటే కుటుంబం. పూటకూళ్ళాయన. ఆయనకి పిల్లల్లేరే! మీ తాతగారు ఆయనకేమవుతారు?"

గోదావరి అవతలి ఆ జ్ఞాపకశక్తి ముందు నా గుండె పప్పుముద్ద అయిపోయింది. అబద్ధం కోసం నాలుకంతా వెతికాను. ఇంత పెద్ద అబద్ధాలకోరుని, ఆ క్షణంలో ఒక్క చిన్న అబద్ధం పుట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. రైలు, కరువు, ప్లాట్‌ఫారం, ఇంటిపేరు, అంతా.

బావమరిదిగారు విస్తరి మీంచి చెయ్యి తీసేశారు.

"అంటే మూలమే తెలీదన్నమాట. బావగారూ, విన్నారుగా."

అమ్మగారి చేతిలో గరిటె గాల్లో ఆగింది. అందరం ఆయన వైపు చూశాం. జీవితమంతా ఆ ముక్కతో యుద్ధం చేసిన మనిషి. నేను నా చావు కబురు వినడానికి సిద్ధపడి ఆ చేతినే చూస్తున్నాను.

వేలు లేచింది. అన్నం మెతుకులతో సహా లేచింది.

"మూలం తెలీదా? బావా, ఇంగ్లీషులో ‘బాయ్’ తీసి చూడు. మూలం తెలీదు! ‘గర్ల్’ తీసి చూడు. దానికీ మూలం తెలీదు! అబ్బాయికీ తెలీదూ, అమ్మాయికీ తెలీదూ! ఇంతకంటే జాతకాలు ఎక్కడ కలుస్తాయయ్యా? ఆ ముక్క మాటని తప్పుపట్టడానికి రాయలేదు. వెతికినవాడికి చేతకాలేదని రాసుకున్నాడు! అంతమాత్రాన ‘బాయ్’ని ఎవరైనా నిఘంటువులోంచి గెంటేశారా? ఊరు లేదని ‘గర్ల్’ని వాడటం మానేశారా? లాటిన్ తాతలూ ఫ్రెంచి మామ్మలూ ఉన్న మాటలన్నీ ఒక పక్కన నిలబడితే, ఇల్లు నడిపేది ఈ ఊరూ పేరూ లేని చిన్న మాటలేనయ్యా!"

చెబుతూ చెబుతూ విస్తరి ముందు లేచి నిలబడ్డారు. పైఅంతస్తు వాళ్ళు బాల్కనీలోకొచ్చారు. కింద కూరలవాడు త్రాసు దించి చప్పట్లు కొట్టాడు. బావమరిదిగారు కన్నీళ్ళతో ఆయన కాళ్ళ మీద...

ఇక్కడ ఆగండి. నేను కల్పించిన చోటు ఇదే.

బస్సు నిజం, గొంగళి నిజం, మ్యాటినీ నిజం. వాటిలో మీరు ఎంత తగ్గించుకున్నా మీకు కొంత మిగులుతుంది. ఈ ఉపన్యాసం మాత్రం మొత్తం నాదే. ‘బాయ్’కీ ‘గర్ల్’కీ మూలం తెలియదని నిఘంటువులో ఉన్న మాట వాస్తవం. ‘గర్ల్’ సంగతి నేను పెళ్ళయ్యాక ఎన్నో ఏళ్ళకి, దేవుడి పక్కనుండే ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని వెతికి పట్టుకున్నాను. ఆ రోజు ఆయన ఇలా గర్జించి ఉంటే ఎంత బాగుండేదోనని అనుకుంటూ, ఒక్కో ఏడాది ఒక్కో వాక్యం ఆయన నోట్లో పెట్టుకుంటూ వచ్చాను.

ఆ రోజు వేలు లేవలేదు. ఆయన తన విస్తరి వైపే చూస్తూ కూర్చున్నారు. నేను ఎన్నడూ వినని మెల్లటి గొంతుతో అడిగారు.

"ఆ పూటకూళ్ళాయన మీ తాతకి ఆ రోజు ఏం పెట్టాడయ్యా?"

"గంజన్నం, ఉల్లిపాయ అని చెప్పేవాడండి."

"కడుపునిండా పెట్టాడా?"

"రెండుసార్లు పోశాట్టండి. చాలనేదాకా."

ఆయన తలూపారు. బావమరిదిగారు ఏదో అనబోయారు. "ఉండు బావా, అన్నం చల్లారిపోతోంది" అని, భార్య వైపు తిరిగారు.

"అల్లుడికి మారు వడ్డించు."

ఆవిడ అన్నగారిని ఒకసారి చూశారు. కూతురిని ఒకసారి చూశారు. తర్వాత వంగి, నా విస్తరిలో అన్నం పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోశారు.